ఏడో ప్రశ్న

శుక్రవారం శుక్రవారం వస్తది జిన్సీ మేడం
సల్మాబాద్ క్యాంపుకు. చేతిల అట్ట, అట్టకు క్లిప్పు,
క్లిప్పు కింద ముప్పై రెండు ప్రశ్నలు.
ఆమెది మలయాళం. మాది తెలుగు, మీదికెల్లి సైటు హిందీ.
ఇంటర్ల ఇంగ్లీషు ఒక్కటే పాసైనోన్ని గనుక
నడుమ నన్ను కూసోబెట్టిన్రు.

మొదటి ఆరు ప్రశ్నలు ఇనుప చువ్వల లెక్క:
పేరు, ఊరు, వయసు, కంపెనీ, జీతం, అప్పు.
కొలిచి, కోసి, తీగతోని కట్టొచ్చు.
ఏడో దాని కాడ కొండి జారింది.
'మీ శ్రేయస్సుకు ఐదుల ఎన్ని మార్కులేస్తరు?'

శ్రేయస్సు.
ఆ మాట మా రూముల ఎవని నోట్లెకెల్లి రాలే ఎన్నడు.
భీవండి మగ్గాల కాడికెల్లి మా నాయిన కార్డు రాసేటోడు,
'నేనిక్కడ క్షేమం' అని.
ఆ క్షేమం మీద దగ్గు తుంపర పడి సిరా అలికేది.
గా సంగతి మేడంకు ఏం జెప్తం?
'మంచిగున్నవానె?' అని అడిగిన.

ముత్తెన్న: మంచిగనే ఉన్న. ఐదు.
ఓదెలు: మంచిగనే. ఐదు.
వంటకాడి గంగమల్లు గంటె ఆపకుండనే: ఐదెయ్యి.
నలభై ఒక్కమంది, నలభై ఒక్క ఐదులు.
ఎనిమిదోది, కష్టమొస్తే ఎవ్వల కాడికి పోతరని.
గంగమల్లు కాడికన్నరు అందరు.
చేబదులు ఐదు దినార్లు, జెరమొస్తే మిరియాల చారు,
సచ్చినోని పెట్టెకు చందా రాసే నోటుబుక్కు
ఆ పొయ్యి పక్కన్నే ఉంటయి.
మేడం పెన్నుకు మూత పెట్టి
నా మొకం దిక్కు చూసింది.
ఇంటికి ఫోన్ల చెప్పే జవాబే ఆమెకూ చెప్తున్నరని
నాకు తెలుసు. నేనూ గదే చెప్త.

మల్ల శుక్రవారం, ఆమెకు చెప్పకుండ ప్రశ్న మార్చిన.
'రాత్రి ఎన్ని గంటలకు నిద్ర పట్టిందే?'

ఏసీ చప్పుడు ఒక్కటే.
ఓదెలు చెప్పు కొసతోని నేల గీరిండు.
'పట్టలే. నాలుగు నెల్ల జీతం ఆగింది.
కాగితంల తప్పున్నదట, నాది ఒక్కనిదేనట.
లొల్లి జేస్తె ఇంక లేటయితదని
క్లర్కు చెవుల చెప్పిండు.'

ముత్తెన్న లేచి నిలవడ్డడు.
'నాకూ నా ఒక్కనిదే అన్నడు గదరా.'

తెలుగు రాని మొఫిజుల్ పై మంచం మీదికెల్లి
మా మొకాలు చూసిండు, నాలుగు వేళ్లు లేపిండు.
దిల్ బహదూర్, నాలుగు.
తలుపు కాడ నిలబడ్డ పక్క రూమోళ్లు మూడు, నాలుగు, ఐదు.
మేడం రాసుడు మరిచిపోయింది.
నాకు గూడ పని లేకపాయె.

ఆదివారం నాలుగున్నరకు బస్సొచ్చింది.
ఎవ్వలం ఎక్కలే.
నినాదం గినాదం ఏం లేదు, అన్నా ఏ భాషల అనాలె?
టిఫిన్ డబ్బాల మీద కూసున్నం.
గంగమల్లు చాయ్ పోసిండు, డ్రైవర్‌కు సుత.
పొద్దెక్కినంక డ్రైవర్ ఇంజను బందు జేసిండు.
గా బందయిన చప్పుడు
ఇప్పటికీ అప్పుడప్పుడు వినవడ్తది.

మూడు నెల్లయి వచ్చినయి. నాలుగోది రాలే.
ఓదెలుకు జీతం, టికెటు ఒక్క కవర్లనే పెట్టిచ్చిన్రు.
ఎవడు ముందు నోరు తెరిచిండో క్లర్కుకు ఎట్ల తెలిసిందని
నెల రోజులు ఒకల మొకం ఒకలం చూసుకోలే.
ఇది మేడం పుస్తకంల లేదు.
దాంట్ల ఓదెలు 'పి-17'. నలభై ఆరో పేజీ.
'ఐక్యత' అని ఉన్నది, కింద గీత ఉన్నది.
తప్పు కాదు. గని ఆ పొద్దు గంగమల్లు
చాయ్‌ల చక్కెర మరిచిపోయిండు,
ఎవ్వలు అడగకుండనే తాగినం.
గది గూడ రాయాల్సుండె.

నిన్న ఓదెలు ఫోన్ జేసిండు, ఆడ తెల్లారంగ.
'ఎట్లున్నవ్‌రా?'
'మంచిగనే ఉన్న.'
జెరసేపు ఏం మాట్లాడలే.
'రాత్రి ఎన్ని గంటలకు పట్టిందిరా?'

గోడ గడియారం చూసిన.
మూడుంబావు.
బస్సు నాలుగున్నరకు.